కంపెనీ ఫైలింగులు, కస్టమర్ ఫిర్యాదులు: చిన్న వ్యాపారులు తరచుగా అడిగే ప్రశ్నలు

ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ రిజిస్టర్ చేయించడం ఇప్పుడు పెద్ద పనేం కాదు. ఇన్‌కార్పొరేషన్ సర్టిఫికెట్ ఈమెయిల్‌లో వచ్చేస్తుంది. దాన్ని వాట్సాప్ స్టేటస్ పెట్టుకుంటాం, బంధువులు అభినందిస్తారు. ఆ మర్నాటి నుంచి ఏం చేయాలో మాత్రం చాలామందికి ఎవరూ చెప్పరు. రెండేళ్లకో మూడేళ్లకో నోటీసు వచ్చినప్పుడు మొదలవుతుంది అసలు టెన్షన్.

చిన్న కంపెనీలు నడిపేవాళ్లు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలు ఇవి. సగం 2013 కంపెనీల చట్టం గురించి, మిగతా సగం 2019 వినియోగదారుల రక్షణ చట్టం గురించి. ఫీజులు, పరిమితులు కేంద్రం నోటిఫికేషన్లతో మారుతుంటాయి. కాబట్టి ఫారం నింపే ముందు మీ సీఏనో సీఎస్‌నో (కంపెనీ సెక్రటరీ) ఒక్కమాట అడగండి.

సర్టిఫికెట్ వచ్చింది కానీ వ్యాపారం ఇంకా మొదలుపెట్టలేదు. ఇప్పుడే చేయాల్సినవి ఏమైనా ఉన్నాయా?

ఉన్నాయి, అవి వ్యాపారం మొదలయ్యేదాకా ఆగవు. 30 రోజుల్లో మొదటి బోర్డు మీటింగ్ జరగాలి. అదే 30 రోజుల్లో బోర్డు మొదటి ఆడిటర్‌ను నియమించాలి. రెండు నెలల్లో వాటాదారులకు షేర్ సర్టిఫికెట్లు ఇవ్వాలి.

వీటన్నిటికంటే ఎక్కువమంది మరిచిపోయేది ఐఎన్‌సీ-20ఏ. "వాటాదారులు తాము ఇస్తామన్న డబ్బు ఇచ్చేశారు, వ్యాపారం మొదలుపెడుతున్నాం" అని డైరెక్టర్ ఇచ్చే ప్రకటన ఇది. కంపెనీ ఏర్పడిన 180 రోజుల్లో దాఖలు చేయాలి. దాఖలు కానంతవరకు కంపెనీ వ్యాపారం చేయకూడదు, అప్పు తీసుకోకూడదు. తప్పితే కంపెనీకి 50,000 రూపాయల జరిమానా. బాధ్యుడైన డైరెక్టర్‌కు రోజుకు 1,000 చొప్పున లక్ష దాకా పడుతుంది. అంతకు మించిన ప్రమాదం ఇంకొకటి ఉంది: వ్యాపారం మొదలుకాలేదని నమ్మడానికి కారణం కనిపిస్తే కంపెనీల రిజిస్ట్రార్ (ఆర్‌ఓసీ) రిజిస్టర్ నుంచి కంపెనీ పేరునే కొట్టేయొచ్చు.

ఇక్కడ జనం ఇరుక్కునేది ఫారం దగ్గర కాదు, బ్యాంకు దగ్గర. లక్ష రూపాయల మూలధనం అని కాగితం మీద రాసుకుంటారు, ఖాతాలో మాత్రం వేయరు. ఎవరి వాటా డబ్బు వాళ్ల సొంత ఖాతా నుంచి కంపెనీ ఖాతాలోకి రావాలి. ఆ బ్యాంకు స్టేట్‌మెంటే రుజువు. ఖాతా తెరవడం ఆలస్యమైతే 180 రోజులు ఎంత త్వరగా అయిపోతాయో ఊహించలేరు.

లాభం లేదు, అసలు అమ్మకాలే లేవు. అయినా ఏటా ఫైల్ చేయాలా?

చేయాలి. అందరికంటే ఎక్కువ నష్టపోయేది ఈ విషయం తెలియనివాళ్లే.

కంపెనీకి ఆదాయం లేకపోతే పన్ను ఉండకపోవచ్చు, లెక్కలు చూపించే బాధ్యత మాత్రం పోదు. కంపెనీ అంటే చట్టం దృష్టిలో విడిగా ఒక మనిషి. పని లేదని ఆ మనిషి లేకుండా పోడు కదా. సున్నా అమ్మకాలున్నా ఆడిట్ జరగాలి, ఆర్థిక నివేదికలు ఏఓసీ-4లో, వార్షిక రిటర్ను ఎంజీటీ-7 లేదా ఎంజీటీ-7ఏలో దాఖలు కావాలి. చిన్న కంపెనీలకు (మూలధనం, టర్నోవరు చట్టం పెట్టిన పరిమితి లోపు ఉన్నవి), ఏక వ్యక్తి కంపెనీలకు (ఒకే సభ్యుడు ఉండేవి) 7ఏ వర్తిస్తుంది.

ఆలస్యమైతే ఒక్కో ఫారానికి రోజుకు 100 రూపాయల అదనపు రుసుము. 2018 జులై నుంచి ఇదే పద్ధతి, దీనికి గరిష్ఠ పరిమితి లేదు. వంద రూపాయలే కదా అనిపిస్తుంది. ఆటో మీటరు లాంటిది అది, మీరు నిద్రపోయినా తిరుగుతూనే ఉంటుంది. ఒక ఏడాది రెండు ఫారాలూ సంవత్సరం ఆలస్యమయ్యాయి అనుకుందాం: 36,500 చొప్పున 73,000. రెండో ఏడాదీ అలాగే వదిలేస్తే, మొదటి ఏడాది ఫారాలకు 1,46,000, రెండో ఏడాది ఫారాలకు 73,000, మొత్తం 2,19,000. ఒక్క రూపాయి వ్యాపారం చేయని కంపెనీకి! రిజిస్ట్రార్ విచారణ జరిపి వేసే జరిమానా దీనికి అదనం. చిన్న కంపెనీలకు ఆ జరిమానాలో సగం మినహాయింపు ఉంది కానీ, అదనపు రుసుముకు ఆ దయ లేదు.

"ఏదో ఒక రోజు పనికొస్తుంది" అని పేరు కోసం కంపెనీ పెట్టి ఉంచుకున్నవాళ్లు ఈ లెక్క ఒకసారి కాగితం మీద వేసుకోవాలి.

సరే, ఏడాది మొత్తంలో ఏ నెలలో ఏం చేయాలి?

ఆర్థిక సంవత్సరం మార్చి 31తో ముగుస్తుంది. మొదట వచ్చేది ఏప్రిల్ 30. సూక్ష్మ, చిన్న పరిశ్రమలకు 45 రోజులు దాటి మీరు బకాయి ఉంటే ఎంఎస్‌ఎంఈ-1లో చూపించాలి. ఇది ఆరు నెలలకోసారి, రెండో గడువు అక్టోబరు 31. అలాంటి బకాయిలు లేకపోతే ఈ గొడవ లేదు.

జూన్ 30 నాటికి డీపీటీ-3, అంటే డిపాజిట్లు, అప్పుల వివరాలు చెప్పే ఫారం. "మేం డిపాజిట్లు తీసుకోలేదు కదా" అని చాలామంది వదిలేస్తారు. డైరెక్టర్ దగ్గర తీసుకున్న అప్పు, బ్యాంకు రుణం లాంటివి డిపాజిట్ కిందికి రాకపోయినా ఇందులో చూపాలి. డైరెక్టర్ తన జేబులోంచి కంపెనీకి డబ్బు వేయడం చిన్న కంపెనీల్లో మామూలు విషయం. అందుకే ఈ ఫారం చాలామందికి వర్తిస్తుంది.

సెప్టెంబరు 30 లోపు వార్షిక సర్వసభ్య సమావేశం, అంటే ఏజీఎం. కొత్త కంపెనీకి మొదటి ఏజీఎం మాత్రం మొదటి ఆర్థిక సంవత్సరం ముగిసిన తొమ్మిది నెలల్లో జరిపితే చాలు. నోటీసు 21 రోజుల ముందు వెళ్లాలి. సమావేశం ఉదయం 9 నుంచి సాయంత్రం 6 మధ్య మొదలవ్వాలి, జాతీయ సెలవు రోజున పెట్టకూడదు. ఏజీఎంలో ఆడిటర్‌ను నియమిస్తే 15 రోజుల్లో ఏడీటీ-1. ఆ నియామకం ఐదేళ్లకు చేస్తారు కాబట్టి ఈ ఫారం ఏటా రాదు. ఏజీఎం నుంచి 30 రోజుల్లో ఏఓసీ-4, 60 రోజుల్లో ఎంజీటీ-7. అంటే దాదాపు అక్టోబరు నెలాఖరు, నవంబరు నెలాఖరు.

ఏక వ్యక్తి కంపెనీకి ఏజీఎం అక్కర్లేదు. ఆర్థిక సంవత్సరం ముగిసిన 180 రోజుల్లో ఏఓసీ-4 వేస్తే సరి.

ఆఖరి రెండు రోజుల్లో ఎంసీఏ (కంపెనీ వ్యవహారాల మంత్రిత్వ శాఖ) పోర్టల్ ఎలా నడుస్తుందో ఒక్కసారి అనుభవించినవాళ్లు మళ్లీ ఆఖరి దాకా ఆగరు. దానికి తోడు ఆ వేళకే డైరెక్టర్ డిజిటల్ సంతకం (డీఎస్‌సీ) గడువు తీరిపోయి ఉంటుంది. డీఎస్‌సీ గడువు తేదీ, డైరెక్టర్ కేవైసీ గడువు తేదీ ఫోన్ క్యాలెండర్‌లో పెట్టుకోండి. కేవైసీ తప్పితే డిన్ (డైరెక్టర్ గుర్తింపు నంబరు) నిలిచిపోతుంది, 5,000 రూపాయలు కడితేగానీ మళ్లీ పనిచేయదు. ఆ డిన్ లేకుండా కంపెనీ ఫారాలూ కదలవు.

మేం ఇద్దరు డైరెక్టర్లం, భార్యాభర్తలం. రోజూ భోజనం దగ్గర మాట్లాడుకుంటాం. మళ్లీ బోర్డు మీటింగ్ ఏమిటండీ?

నవ్వొచ్చినా నిజమే, అది కూడా జరగాలి. మామూలు ప్రైవేటు కంపెనీకి ఏడాదికి నాలుగు సమావేశాలు, రెండింటి మధ్య 120 రోజులకు మించి ఎడం ఉండకూడదు. చిన్న కంపెనీ నిర్వచనంలోకి వస్తే క్యాలెండర్ సంవత్సరంలో ప్రతి అర్ధభాగానికి ఒకటి చాలు, వాటి మధ్య కనీసం 90 రోజులు ఉండాలి.

జరిగినట్టు రుజువు మినిట్స్ పుస్తకమే. ఆడిట్ రోజు కూర్చుని ఏడాది మినిట్స్ అన్నీ ఒకే కలంతో రాసేసే అలవాటు ఉంది. దొరకనంతవరకు అంతా బాగానే ఉంటుంది. భాగస్వాముల మధ్య తగాదా వచ్చిన రోజు ఆ పుస్తకమే మొదటి సాక్ష్యం అవుతుంది. "నేనా రోజు ఊళ్లోనే లేను" అని ఒకరు విమానం టికెట్ చూపిస్తే ఇక చెప్పడానికేమీ ఉండదు. ఈ రోజు భార్యాభర్తలు, రేపు అన్నదమ్ముల పిల్లలు అదే కంపెనీలో డైరెక్టర్లవుతారు.

ఇవన్నీ మా సీఏ చూసుకుంటారు. మాకెందుకు?

సీఏ పని చేస్తారు, బాధ్యత మాత్రం మీదే. నోటీసు డైరెక్టర్ పేరు మీద వస్తుంది, సీఏ పేరు మీద కాదు. చాలాచోట్ల ఒప్పందం ఆదాయపు పన్ను, జీఎస్టీ రిటర్నుల వరకే ఉంటుంది. ఆర్‌ఓసీ ఫైలింగ్ అందులో ఉందని మీరనుకుంటారు, లేదని ఆయన అనుకుంటారు. రెండు సంవత్సరాలు అలా గడిచిపోతాయి.

దీనికి మందు చాలా చిన్నది. ఫైల్ చేసిన ప్రతి ఫారానికీ ఎస్‌ఆర్‌ఎన్ నంబరుతో (ఆ ఫైలింగ్ గుర్తింపు నంబరు) చలానా వస్తుంది. ఆ చలానా కాపీ అడిగి తీసుకుని ఒక ఫోల్డర్‌లో పెట్టుకోండి. ఎంసీఏ పోర్టల్‌లో మీ కంపెనీ పేరు కొట్టి చూస్తే చివరి ఏజీఎం తేదీ, చివరి బ్యాలెన్స్ షీట్ తేదీ ఉచితంగా కనిపిస్తాయి. రెండు నిమిషాల పని.

ఆఫీసు బయట పేరు బోర్డు తెలుగులో కూడా ఉండాలా?

ఉండాలి. చాలామందికి తెలియని నిబంధన ఇది. కంపెనీల చట్టం 12వ సెక్షన్ ప్రకారం కంపెనీ పేరు, రిజిస్టర్డ్ ఆఫీసు చిరునామా బయట కనిపించేలా రాయాలి. అక్కడి జనం వాడే భాష లిపిలో లేకపోతే ఆ లిపిలోనూ రాయాలి. విజయవాడలోనో వరంగల్‌లోనో ఆఫీసు పెట్టి ఇంగ్లిష్ బోర్డు ఒక్కటే తగిలిస్తే నిబంధన పాటించనట్టే. లెటర్‌హెడ్, బిల్లుల మీద పేరు, చిరునామాతో పాటు సీఐఎన్ (కంపెనీ గుర్తింపు నంబరు), ఫోన్ నంబరు, ఈమెయిల్ ఉండాలి. తప్పితే రోజుకు 1,000 చొప్పున లక్ష దాకా జరిమానా.

అద్దె ఆఫీసు ఖాళీ చేసి వేరేచోటికి మారాం. చెప్పాలా?

అది రిజిస్టర్డ్ ఆఫీసైతే 30 రోజుల్లో ఐఎన్‌సీ-22 వేయాలి. వేయకపోతే పాత చిరునామాకు వెళ్లిన నోటీసు కూడా మీకు అందినట్టే లెక్క కట్టే అవకాశం ఉంది. వినియోగదారుల కమిషన్ సమన్లు పాత ఇంటి యజమాని డ్రాయర్‌లో పడి ఉండగా ఇటు ఎక్స్‌పార్టీ తీర్పు, అంటే వాళ్ల వాదన వినకుండానే తీర్పు, వచ్చేసిన కంపెనీలున్నాయి.

మూడేళ్లుగా ఏమీ ఫైల్ చేయలేదు. ఇప్పుడేం అవుతుంది?

వరుసగా మూడు ఆర్థిక సంవత్సరాలు ఆర్థిక నివేదికలు గానీ వార్షిక రిటర్నులు గానీ వేయకపోతే, 164(2) సెక్షన్ కింద ఆ కంపెనీ డైరెక్టర్లు ఐదేళ్లపాటు అనర్హులవుతారు. ఇది ఆ ఒక్క కంపెనీతో ఆగదు. మీరు డైరెక్టర్‌గా ఉన్న వేరే మంచి కంపెనీల్లో పదవి పోతుంది. స్నేహితుడి మాట మీద పేరుకు మాత్రం డైరెక్టర్‌గా సంతకం పెట్టినవాళ్లు ఇక్కడే దెబ్బతింటారు. 2017లో కేంద్రం ఒకేసారి 2 లక్షలకు పైగా కంపెనీల పేర్లు కొట్టేసినప్పుడు లక్షల సంఖ్యలో డైరెక్టర్లు అనర్హులయ్యారు. వాళ్లలో చాలామందికి ఆ విషయం ఇంకో ఫారం వేయబోతే తెలిసింది.

ఇంకా కొట్టేయకపోతే రుసుము కట్టి పాత ఫారాలన్నీ వేయడమే దారి. 2020లో వచ్చిన ఫ్రెష్ స్టార్ట్ స్కీమ్ లాంటి మాఫీ పథకాలు అప్పుడప్పుడూ వస్తాయి. వస్తే వాడుకోండి, వస్తుందేమో అని ఎదురుచూడకండి. పేరు కొట్టేసి ఉంటే పునరుద్ధరణకు ఎన్‌సీఎల్‌టీకి (జాతీయ కంపెనీ లా ట్రిబ్యునల్) వెళ్లాలి. కంపెనీ, సభ్యుడు లేదా రుణదాత 20 ఏళ్ల లోపు దరఖాస్తు చేసుకోవచ్చు. తెలంగాణకు హైదరాబాద్ బెంచ్, ఆంధ్రప్రదేశ్‌కు అమరావతి బెంచ్ ఉన్నాయి.

ఇంక నడపలేం. మూసేయడం ఎలా?

తాళం వేస్తే కంపెనీ మూతపడదు. రెండు ఆర్థిక సంవత్సరాలుగా వ్యాపారం లేకపోతే, అప్పులన్నీ తీర్చేసి, ఎస్‌టీకే-2 ఫారంతో స్వచ్ఛందంగా పేరు తొలగించమని కోరవచ్చు. ప్రభుత్వ ఫీజు 10,000. వ్యాపారం ఆగిపోయిన సంవత్సరం దాకా పాత ఫైలింగులు పూర్తయి ఉండాలి. 2023 నుంచి ఈ దరఖాస్తులన్నిటినీ సీ-పేస్ అనే ఒకే కేంద్రం చూస్తోంది, అందుకే పని ముందుకంటే త్వరగా అవుతోంది.

మూసేయడం ఇష్టం లేదు, పేరు గానీ పేటెంటు గానీ ఉంచుకోవాలనుకుంటే ఎంఎస్‌సీ-1తో నిద్రాణ హోదా అడగవచ్చు. అప్పుడు బాధ్యతలు తగ్గుతాయి, పూర్తిగా పోవు.

మాది ఎల్ఎల్‌పీ (పరిమిత బాధ్యత భాగస్వామ్య సంస్థ). మేం ఏం ఫైల్ చేయాలి?

మే 30 లోపు ఫారం 11 (వార్షిక రిటర్ను), అక్టోబరు 30 లోపు ఫారం 8 (ఖాతాల నివేదిక). టర్నోవరు 40 లక్షలు గానీ భాగస్వాముల పెట్టుబడి 25 లక్షలు గానీ దాటితేనే ఆడిట్ తప్పనిసరి. ఏజీఎం గొడవ లేదు. చిన్న సేవల వ్యాపారానికి ఇద్దరు కలిసి ఏదైనా మొదలుపెడుతుంటే, బయటి పెట్టుబడి తెచ్చే ఆలోచన లేకపోతే, నేనైతే ముందు దీన్నే చూడమంటాను.

మాది సొంత షాపు, కంపెనీ కాదు. వినియోగదారుల చట్టం మాకూ వర్తిస్తుందా?

వర్తిస్తుంది. ఆ చట్టానికి మీ రిజిస్ట్రేషన్ రూపంతో పని లేదు. డబ్బు తీసుకుని వస్తువో సేవో ఇచ్చారా లేదా అన్నదే చూస్తుంది. 1986 చట్టం స్థానంలో 2020 జులై నుంచి కొత్త చట్టం అమల్లో ఉంది. వాడుకలో ఇంకా "కన్స్యూమర్ ఫోరం" అంటున్నాం గానీ, ఇప్పుడది జిల్లా వినియోగదారుల కమిషన్.

"అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు" అని బోర్డు పెట్టాం. సరిపోతుందా?

సరిపోదు. రంగు నచ్చలేదు, మనసు మారింది అంటే వాపసు తీసుకోవడం మీ ఇష్టం. ఆ మేరకు బోర్డు పనిచేస్తుంది. సరుకులో లోపం ఉంటే మాత్రం బోర్డు చెల్లదు. బిల్లులో రాసిన గడువులోపు, ఏ గడువూ రాయకపోతే 30 రోజుల్లోపు, లోపమున్న వస్తువును వెనక్కి తీసుకుని డబ్బు ఇవ్వడానికి నిరాకరిస్తే అది అనుచిత వాణిజ్య పద్ధతి అని చట్టంలోనే ఉంది.

అందుకే బోర్డు తీసేసి, బిల్లు వెనక నాలుగు లైన్లు రాయమని చెబుతాను. లోపముంటే ఎన్ని రోజుల్లో తేవాలి, ఏం తీసుకురావాలి, మార్పిడా, డబ్బా. గడువు మీరే రాసుకునే అవకాశం చట్టం ఇస్తుంటే వాడుకోకపోవడం ఎందుకు? పైగా ఇలా స్పష్టంగా రాసిన షాపుల్లో కౌంటర్ దగ్గర గొడవలు తక్కువ.

కస్టమర్ అడగకపోతే బిల్లు ఇవ్వకపోయినా పర్లేదా?

బిల్లు ఇవ్వకపోవడం కూడా అనుచిత వాణిజ్య పద్ధతే. ఇంకో సంగతి, బిల్లు లేకపోతే రేపు "ఇది మా దగ్గర కొన్నదే కాదు" అని నిరూపించుకోవడం మీకే కష్టం.

ఇక్కడే క్యారీ బ్యాగ్ సంగతి కూడా చెప్పాలి. ముందు ఏమీ చెప్పకుండా, సామాన్లన్నీ కౌంటర్ మీద పెట్టాక బ్యాగ్‌కు డబ్బులడగడం అనుచితమని 2020 డిసెంబరులో జాతీయ కమిషన్ తేల్చింది. ఛార్జీ ఉంటే గుమ్మం దగ్గరే రాసి పెట్టండి.

మేమే తయారుచేసి ప్యాక్ చేసి అమ్ముతాం. ప్యాకెట్ మీద ఏం రాయాలి?

2011 ప్యాకేజ్డ్ కమోడిటీస్ నిబంధనల ప్రకారం: తయారీదారు లేదా ప్యాక్ చేసినవారి పేరు, చిరునామా, వస్తువు మామూలు పేరు, నికర పరిమాణం, తయారైన నెల, సంవత్సరం, అన్ని పన్నులూ కలిపిన ఎమ్మార్పీ, యూనిట్ ధర, ఫిర్యాదుకు ఫోన్, ఈమెయిల్. దిగుమతి సరుకైతే ఏ దేశానిదో కూడా. ఆహారమైతే వీటికి ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (ఆహార భద్రతా సంస్థ) లెక్కలు తోడవుతాయి. ఆన్‌లైన్‌లో అమ్మితే ఈ వివరాల్లో ఎక్కువ భాగం వెబ్ పేజీలో కూడా కనిపించాలి. ఎమ్మార్పీ మీద స్టిక్కరు అంటించి ధర పెంచకూడదు. తూనికలు, కొలతల శాఖ తనిఖీలో మొదట దొరికేది ఇదే.

ఇన్‌స్టాగ్రామ్‌లో, సొంత వెబ్‌సైట్‌లో అమ్ముతున్నాం. ప్రత్యేకంగా ఏమైనా ఉందా?

2020 ఈ-కామర్స్ నిబంధనలు ఉన్నాయి. మీ అసలు పేరు, చిరునామా, సంప్రదించే మార్గం కనిపించాలి. "ధర కోసం మెసేజ్ చేయండి" అని వదిలేయకుండా, ఛార్జీలన్నీ కలిపిన మొత్తం ధర చెప్పాలి. ఫిర్యాదులు చూసే గ్రీవెన్స్ ఆఫీసర్ ఒకరుండాలి. ఇద్దరే ఉన్న చిన్న సంస్థలో ఆ ఒకరు మీరే కావచ్చు. ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెలలోపు పరిష్కరించాలి. సొంత మనుషులతో కస్టమర్ల పేరుతో రివ్యూలు రాయించకూడదు.

2023 నవంబరులో కేంద్రం 13 రకాల డార్క్ ప్యాటర్న్‌లను, అంటే కస్టమర్‌ను మాయచేసే వెబ్‌సైట్ ఎత్తులను, నిషేధించింది. గోదాంలో సరుకు నిండుగా ఉన్నా "ఇంకా 2 మాత్రమే మిగిలాయి" అని చూపడం, అడక్కుండా కార్ట్‌లో విరాళమో బీమానో చేర్చడం, చందా కట్టడానికి ఒక్క క్లిక్ పెట్టి రద్దు చేయడానికి పది పేజీలు తిప్పడం అలాంటివే. రెడీమేడ్ వెబ్‌సైట్ టెంప్లేట్లలో ఆ దొంగ కౌంట్‌డౌన్ గడియారం చాలాసార్లు ముందే ఉంటుంది. మీరు పెట్టకపోయినా బాధ్యత మీదే, వెతికి తీసేయండి.

ప్రకటనల్లో కాస్త అతిశయోక్తి ఉంటే తప్పా?

"మా కాఫీ తాగితే మనసు ఉల్లాసం" అంటే ఎవరూ కేసు వేయరు. "పదిహేను రోజుల్లో జుట్టు వస్తుంది" అంటే రుజువు చూపించాలి. తప్పుదారి పట్టించే ప్రకటనకు కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ సీసీపీఏ 10 లక్షల దాకా, మళ్లీ చేస్తే 50 లక్షల దాకా జరిమానా వేయగలదు. ఆ మాట చెప్పిన ఇన్‌ఫ్లుయెన్సర్‌కూ అదే జరిమానా పడొచ్చు, ఏడాది పాటు, మళ్లీ చేస్తే మూడేళ్ల పాటు ప్రకటనలు చేయకుండా నిషేధం కూడా. డబ్బులిచ్చో ఉచితంగా సరుకిచ్చో వీడియో చేయిస్తే, అది ప్రకటనే అని వీడియోలో తెలియాలి.

వినియోగదారుల కమిషన్ నుంచి నోటీసు వచ్చింది. ఏం చేయాలి?

మొదట కవరు మీద తేదీ రాసుకోండి, అంటే మీకు అందిన తేదీ. మీ జవాబుకు 30 రోజులు. కమిషన్ ఒప్పుకుంటే ఇంకో 15. 46వ రోజు ఎంత మంచి కారణం చెప్పినా వినరు. ఈ గడువును పొడిగించే అధికారం కమిషన్‌కు లేదని 2020 మార్చిలో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చిచెప్పింది. సివిల్ కోర్టు అలవాటుతో "వాయిదా అడుగుదాంలే" అనుకునే లాయర్లు ఇప్పటికీ ఉన్నారు, మీ లాయరును ఈ విషయం ముందే అడగండి.

తర్వాత కాగితాలు: బిల్లు, డెలివరీ రుజువు, కస్టమర్‌తో నడిచిన వాట్సాప్ సంభాషణ మొత్తం. మీకు అనుకూలమైన ముక్కలే తీసి పెట్టొద్దు, మిగతా ముక్కలు అవతలివాళ్ల దగ్గరుంటాయి. సేల్స్ కుర్రాడు కోపంలో పెట్టిన మెసేజ్ డిలీట్ చేయొద్దు.

ఆ తర్వాత ఒక్కసారి నిజాయతీగా ఆలోచించండి. మన తప్పుందా? ఉంటే ఇప్పుడే డబ్బు వెనక్కిచ్చి రాజీ రాసుకోవడం చౌక. ఐదు లక్షల లోపు విలువకు కస్టమర్‌కు కోర్టు ఫీజే లేదు. ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచే కేసు వేయొచ్చు, లాయరు లేకుండా వాదించుకోవచ్చు. ఖర్చంతా మీ వైపే. మధ్యవర్తిత్వానికి పంపమని కమిషన్‌నే కోరవచ్చు.

నిజానికి చాలా కేసులు నోటీసు దాకా రానక్కర్లేదు. కస్టమర్ ముందు ఫోన్ చేస్తాడు, తర్వాత మెయిల్ పెడతాడు, ఆ తర్వాత జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి చెబుతాడు. ఈ మూడు చోట్లా ఎవరూ పలకనప్పుడే కేసు వేస్తాడు. ఫైళ్లు తిరగేస్తే చాలా ఫిర్యాదుల్లో వస్తువు ధరకంటే "ఎన్నిసార్లు అడిగినా జవాబివ్వలేదు" అన్న వాక్యమే ముందుంటుంది.

మా షాపు కర్నూలులో, కస్టమర్ విశాఖలో. అక్కడ కేసు వేయగలడా?

వేయగలడు. తాను ఉండే చోటో, పనిచేసే చోటో ఫిర్యాదు చేసే హక్కు 2019 చట్టం ఇచ్చింది. ఊరూరా కొరియర్ పంపే వ్యాపారానికి ఇది పెద్ద మార్పు. "వివాదాలు మా ఊరి కోర్టు పరిధిలోనే" అని బిల్లు మీద రాసుకున్నంత మాత్రాన ఆ హక్కు పోదు. చెల్లించిన మొత్తం 50 లక్షల లోపైతే జిల్లా కమిషన్, 2 కోట్ల దాకా రాష్ట్ర కమిషన్, పైన జాతీయ కమిషన్. సమస్య మొదలైన రెండేళ్లలోపు వేయాలి.

కొన్నది ఇంకో వ్యాపారి. అతనూ వినియోగదారుడేనా?

మళ్లీ అమ్మడానికి గానీ, వాణిజ్య అవసరానికి గానీ కొంటే కాదు. కానీ సొంతంగా పనిచేసుకుని బతకడానికి కొన్నదైతే అవుతాడు. కుట్టు మిషను కొన్న దర్జీ వినియోగదారుడే, వంద మిషన్లు కొన్న కర్మాగారం కాదు.

తీర్పు మాకు వ్యతిరేకంగా వస్తే?

జిల్లా కమిషన్ ఆదేశంపై 45 రోజుల్లో రాష్ట్ర కమిషన్‌కు అప్పీలు. అప్పీలు వినాలంటే కట్టమన్న మొత్తంలో సగం ముందే జమచేయాలి. అప్పీలూ వేయక, డబ్బూ కట్టక కూర్చుంటే నెల నుంచి మూడేళ్ల దాకా జైలు, లేదా 25,000 నుంచి లక్ష దాకా జరిమానా, లేదా రెండూ. పదివేల మిక్సీ కేసులో వారెంటు దాకా వెళ్లడం తెలివైన పని కాదు.

లిమిటెడ్ కంపెనీ కదా, నా సొంత ఆస్తి భద్రమే కదా?

కంపెనీ అప్పుల వరకు చాలామటుకు అవును, మీరు వ్యక్తిగత హామీ సంతకం పెట్టనంతవరకు. చిన్న కంపెనీలకు బ్యాంకులు ఆ సంతకం లేకుండా రుణం ఇవ్వడం అరుదు. ఫైలింగ్ తప్పినందుకు డైరెక్టర్‌పై వేసే జరిమానా మాత్రం డైరెక్టర్ సొంత జేబులోంచే.

మనుషులు పెరుగుతున్నారు. ఎప్పుడు ఏం మొదలవుతుంది?

పదిమంది అయ్యాక ఈఎస్ఐ, ఇరవై మంది అయ్యాక పీఎఫ్ చూసుకోవాలి. పదిమంది ఉంటే లైంగిక వేధింపుల నివారణకు అంతర్గత కమిటీ కూడా వేయాలి, లేకపోతే 50,000 జరిమానా. మా ఆఫీసులో అలాంటివి జరగవు అనేది జవాబు కాదు.

జీఎస్టీలో రెండు రాష్ట్రాల మధ్య తేడా ఉంది: సరుకులు మాత్రమే అమ్మేవాళ్లకు రిజిస్ట్రేషన్ పరిమితి ఆంధ్రప్రదేశ్‌లో 40 లక్షలు, తెలంగాణలో 20 లక్షలు. విజయవాడ స్నేహితుడి మాట నమ్మి ఖమ్మంలో ఆగిపోకండి.

కంపెనీ పెట్టినప్పటి నుంచి "మీ ఫైలింగ్ పెండింగ్, జరిమానా కట్టండి" అని ఫోన్లు వస్తున్నాయి. నిజమేనా?

కంపెనీ వివరాలు ప్రభుత్వ రికార్డు. 100 రూపాయలు కడితే మీరు వేసిన పత్రాలను ఎవరైనా చూడవచ్చు. అందుకే కొత్త కంపెనీ ఏర్పడగానే లోగో చేసేవాళ్ల నుంచి మోసగాళ్ల దాకా అందరూ ఫోన్ చేస్తారు. ఎవరేం చెప్పినా ఎంసీఏ పోర్టల్‌లోకి వెళ్లి మీరే చూసుకోండి. రిజిస్ట్రార్ ఆదేశాలు రాతపూర్వకంగా వస్తాయి, ఫీజులు ఆ పోర్టల్ ద్వారానే కడతారు. యూపీఐ నంబరు పంపి "ఈ సాయంత్రంలోగా వేయండి సార్" అన్నవాడు ఆర్‌ఓసీ ఆఫీసు మనిషి కాడు.